ఉప్పల్ నుంచి రాయదుర్గానికి: కారు కొనాలా, మెట్రో సరిపోతుందా?

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మారుతున్నామని, మీ ఆఫీసు రాయదుర్గంలో, మీ శ్రీమతి గారి ఉద్యోగం కోఠిలో అని రాశారు. అద్దెలు తక్కువ కనుక ఉప్పల్ వైపు ఇల్లు చూస్తున్నారు. రోజూ వెళ్లి రావడానికి కారు కొనాలా, మెట్రో సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను హబ్సిగూడలో ఉంటాను, నా ఆఫీసు కూడా రాయదుర్గం దగ్గరే. ఈ దారిలో ముందు కారులో, తర్వాత మెట్రోలో ఏళ్ల తరబడి తిరిగాను. ఆఫీసుకు వెళ్లడం కోసమే అయితే కారు కొనవద్దని నా సలహా. అయితే ఈ సలహా పనికి రావాలంటే ఉప్పల్‌లో మీ ఇల్లు ఎక్కడన్నది ముందు తేలాలి.

ఎందుకంటే ‘ఉప్పల్ వైపు’ అని ఇళ్లు చూపించేవాళ్లు చెప్పే ప్రాంతం చాలా పెద్దది. రామంతాపూర్, నాగోల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి అన్నీ అందులోకే వస్తాయి. ‘మెట్రోకు పది నిమిషాలు’ అంటారు. ఆ పది నిమిషాలు ఆదివారం మధ్యాహ్నం బండి మీద లెక్క. వరంగల్ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. ఉదయం ఎనిమిదిన్నరకు మేడిపల్లి నుంచి ఉప్పల్ కూడలికి రావడమే ఒక ప్రయాణం. అక్కడ అద్దె మూడు నాలుగు వేలు తగ్గవచ్చు. ఆ తగ్గిన డబ్బు ఆటోలకు పోతుంది, దానితోపాటు మీ ఓపిక కూడా పోతుంది. అదే నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లలో ఏదో ఒకదానికి నడిచి వెళ్లగలిగే చోట ఇల్లు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోండి. ఉప్పల్ కూడలిలో రోడ్డు దాటడం ఒకప్పుడు ప్రాణసంకటంగా ఉండేది. 2023 జూన్‌లో ఆకాశ వంతెన తెరిచాక నాలుగు వైపుల నుంచీ స్టేషనుకు భయం లేకుండా నడిచి వెళ్లగలుగుతున్నాం. ఈ ఊళ్లో పాదచారుల కోసం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చిన వాటిలో అదొకటి.

మెట్రోలో వెళ్లేవాళ్లు విసుగెత్తి మానేసేది రైలు వల్ల కాదు, రెండు కొసల వల్ల. ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి ఆఫీసుకు. ఒక కొస నడకతో తీరిపోతే రెండో కొసను ఎలాగోలా భరించవచ్చు. రెండు చోట్లా ఆటో కోసం నిలబడాల్సి వస్తే నెల తిరగకుండానే కారు షోరూముకు వెళతారు. మా ఆఫీసులో చాలామంది విషయంలో జరిగింది ఇదే.

మీ ఆఫీసు రాయదుర్గంలో అన్నారు కదా, అది స్టేషనుకు ఎంత దూరమో కూడా కనుక్కోండి. నాగోల్ నుంచి ఉప్పల్ మీదుగా వచ్చే మెట్రో బ్లూ లైను అక్కడితో ఆగిపోతుంది. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడలో ఉన్న కంపెనీలవాళ్లు కూడా మాటవరసకు ‘రాయదుర్గం పక్కనే’ అంటారు. అక్కడికి స్టేషను కింద నుంచి బస్సులు, షేర్ ఆటోలు, కొన్ని కంపెనీల సొంత వాహనాలు ఉంటాయి కానీ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బయోడైవర్సిటీ కూడలి దాటడానికి పట్టే సమయాన్ని ఎవరూ ముందుగా చెప్పలేరు. రాయదుర్గం నుంచి కోకాపేట వైపు లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. అది వస్తుందన్న నమ్మకంతో ఇప్పుడే ఇంటి నిర్ణయాలు తీసుకోకండి.

ఇక రోడ్డు సంగతి. 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు మెట్రో వచ్చేదాకా నాకు కారే దిక్కు. తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు. ఈ పేర్లు వరుసగా తలచుకుంటే ఇప్పటికీ నాకు ఎడమ మోకాలు గుర్తుకొస్తుంది, క్లచ్ తొక్కి తొక్కి అంత నొప్పిగా ఉండేది. దూరం పెద్ద సమస్య కాదు, ఎంతసేపు పడుతుందో తెలియకపోవడమే సమస్య. ఒకరోజు గంటంబావు, మర్నాడు రెండు గంటలు. తొమ్మిదిన్నరకు సమావేశం ఉంటే ఏడింటికే బయలుదేరాలి, తొందరగా చేరితే ఆఫీసు కింద కూర్చోవాలి. వాన పడిన సాయంత్రం ఐటీ కారిడార్‌లో చిక్కుకుంటే ఇంటికి ఎప్పుడు చేరతామో చెప్పలేం. ఇంటికి చేరాక అరగంట వరకు పిల్లలతో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ‘అమ్మ వచ్చింది, ఇప్పుడు మాట్లాడకు’ అని మా పెద్దవాడు చిన్నదానికి చెప్పడం ఒకరోజు విన్నాను. నాకు చాలా బాధ వేసింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, చివరి ముక్క కొంత సులువైంది. కానీ అక్కడికి చేరే దాకా ఉన్న దారి అదే కదా.

మెట్రోలో ఉప్పల్ నుంచి రాయదుర్గానికి దాదాపు గంట. ఈ గంట వానాకాలంలోనూ గంటే, సోమవారమూ గంటే. నాకు దక్కిన అసలు లాభం ఇది. ఉదయం ఇంట్లో ఎన్నింటికి బయలుదేరాలో గడియారం చూసి చెప్పగలుగుతున్నాను, రాత్రి భోజనానికి ఉంటానని పిల్లలకు మాట ఇవ్వగలుగుతున్నాను.

సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పను. రైళ్లకు మూడే పెట్టెలు. అమీర్‌పేట వచ్చేసరికి మియాపూర్ నుంచి, ఎల్‌బీనగర్ నుంచి రెడ్ లైనులో వచ్చినవాళ్లంతా మన రైలు ఎక్కుతారు. అక్కడి నుంచి మాదాపూర్ దాకా ఊపిరాడదు. మీకు అనుకూలమైన విషయం ఏమిటంటే ఉప్పల్ రెండో స్టేషను కనుక ఉదయం సీటు దొరికే అవకాశం బాగానే ఉంటుంది. హబ్సిగూడలో ఎక్కే నాకు చాలాసార్లు నిలబడక తప్పదు. సాయంత్రం రాయదుర్గంలోనే ఎక్కండి. ఆఫీసు హైటెక్ సిటీకీ రాయదుర్గానికీ మధ్యలో ఉంటే నాలుగు అడుగులు వెనక్కి నడిచైనా సరే, మొదటి స్టేషనుకే వెళ్లండి. మహిళలకు కేటాయించిన భాగం ఉండడం నాలాంటివాళ్లకు పెద్ద ఆసరా. వీపు సంచీని ముందు వైపు తగిలించుకోండి, అందరికీ మంచిది. రాత్రి పదకొండు తర్వాత మాత్రం మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు. మీకు రాత్రి షిఫ్టులు ఉంటే నేను చెప్పినదంతా పక్కన పెట్టి కంపెనీ క్యాబ్ గురించి మాట్లాడుకోండి.

డబ్బు లెక్క అడిగారు. 2025 మేలో ఛార్జీలు సవరించాక మెట్రో కనీస ఛార్జీ 11 రూపాయలు, గరిష్ఠం 69. రానూ పోనూ 138కి మించదు. నెలకు 22 పనిదినాలు అనుకుంటే 3,036 రూపాయలు. కారులో రోజుకు 50 కిలోమీటర్లు, ఈ రద్దీలో లీటరుకు 14 వచ్చిందనుకుందాం. లీటరు పెట్రోలు 107 రూపాయల పైనే ఉంది కాబట్టి నెలకు ఎనిమిది వేలు దాటుతుంది. ఈఎంఐ, బీమా, సర్వీసింగు, టైర్లు ఇంకా కలపలేదు. ఒక్కరే వెళ్లే కారుకు ఈ లెక్క ఏ విధంగానూ కుదరదు. ముగ్గురు కలిసి వెళితే పెట్రోలు వరకు కుదురుతుంది కానీ ముగ్గురికీ ఒకే వేళ పని ముగియాలి కదా.

ఇల్లు స్టేషనుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే దొరికిందనుకోండి, అప్పుడు కారు కాదు, స్కూటరు కొనండి. స్కూటరు మీద స్టేషనుకు, అక్కడి నుంచి రైల్లో. మా వారు చేసేది అదే. పార్కింగు రుసుము కట్టాల్సి వచ్చినా లాభమే.

మా ఇంట్లో కారు ఇప్పటికీ ఉంది. మా అమ్మకు మోకాళ్లు బాగా లేవు, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే మెట్లూ లిఫ్టులూ రైలూ ఆటో అని తిప్పలేను. ఊరికి వెళ్లడానికి, చంటిపిల్లలతో పెళ్లిళ్లకు వెళ్లడానికి కారు ఎంతో అవసరం. మీ తల్లిదండ్రులు మీతోనే ఉంటారంటే ఆ కారణంతో కొనుక్కోండి, సంతోషంగా కొనుక్కోండి. ఆఫీసు పేరుతో మాత్రం వద్దు.

ఎంఎంటీఎస్ గురించి కూడా అడిగారు. 2003 నుంచి నడుస్తున్న ఆ లోకల్ రైళ్లు చాలా చవక. లింగంపల్లి, చందానగర్ వైపు ఉండేవాళ్లకు బాగా పనికొస్తాయి. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి మీకు ఉపయోగపడవు. ఇంకొక మాట, ఎంఎంటీఎస్ వాళ్ల హైటెక్ సిటీ స్టేషను, మెట్రో హైటెక్ సిటీ స్టేషను ఒకటి కావు. రెండింటి మధ్యా నడిచే దూరం కాదు. కొత్తవాళ్లు పటంలో పేరు చూసి అక్కడ దిగి ఇబ్బంది పడుతుంటారు.

మీ శ్రీమతి గారి కోఠి ప్రయాణానికి మెట్రో కంటే బస్సే నయం. ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠికి నేరుగా బస్సులున్నాయి. మెట్రోలో అయితే పరేడ్ గ్రౌండ్ వరకు వెళ్లి, అక్కడ గ్రీన్ లైనుకు మారి, సుల్తాన్ బజార్‌లో దిగాలి. చుట్టు దారి అయినా భారీ వాన పడిన రోజుల్లో అదే భద్రం. గ్రీన్ లైనులో రద్దీ కూడా తక్కువే. బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ప్రయాణం ఉచితం. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు రెండింటిలోనూ వర్తిస్తుంది. కానీ అది తెలంగాణ వాసులకే. కండక్టరు గుర్తింపు కార్డు చూసి సున్నా టిక్కెట్టు ఇస్తారు. మీ ఆధార్ మీద విజయవాడ చిరునామా ఉంటుంది కనుక ఇక్కడ అద్దె ఒప్పందం రాసుకోగానే ముందు ఆవిడ ఆధార్‌లో చిరునామా మార్పించండి. అప్పటిదాకా టిక్కెట్టు కొనాల్సిందే.