తుపాకి బల్ల దగ్గర ఎవరిని నమ్మాలి?

తుపాకులు, వాటి లైసెన్సులు, కొనడానికీ అమ్మడానికీ వచ్చే కొత్తవాళ్ల గురించి గోదావరి డెల్టా పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి ‘గన్ షో’ అనే తుపాకుల సంతకు వెళ్లి ఫొటోలు పంపాడు. గుబురు గడ్డాలు, చేతుల నిండా పచ్చబొట్లు, మిలిటరీ వాళ్లలా మచ్చల బట్టలు. చూస్తేనే గుండె దడదడలాడింది. అలాంటివాళ్ల మధ్యకి పిల్లాణ్ణి వెళ్లనివ్వొచ్చా?
— ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ఫొటోలో మీరు చూసిన బట్టలు అక్కడి పల్లెల్లో వేటకు వెళ్లేవాళ్లూ రైతులూ మామూలుగా వేసుకునేవే. భుజాన తుండు, మోకాళ్లపైకి లుంగీ కట్టుకుని గట్టు మీద నిలబడ్డాయనకు ముప్పై ఎకరాల రొయ్యల చెరువులు ఉండొచ్చని మన భీమవరం వైపు ఎవరికి తెలియదు? అక్కడా అంతే. ఆ గడ్డం మనిషి ప్రభుత్వ లైసెన్సున్న డీలరు కావచ్చు. పక్కనే ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ నిలబడ్డవాడు ఇంకెవరి కోసమో దొంగచాటుగా కొనడానికి వచ్చినవాడు కావచ్చు. బట్టలు ఈ రెంటిలో ఏదీ చెప్పవు. చేతులు చెబుతాయి.

ఇలాంటి సంత సాధారణంగా పెద్ద హాల్లో, వరసగా వేసిన బల్లల మీద జరుగుతుంది. సొంత తుపాకి తెచ్చినవాళ్లను గుమ్మం దగ్గర పోలీసో కాపలా మనిషో ఆపి, తూటా లేదని చూసి, తూటా కూర్చునే అర మూసుకోకుండా నైలాన్ పట్టీ బిగిస్తారు. ప్రమాదం జరిగితే ఎక్కువగా ఈ దశలోనే జరుగుతుంది. ఖాళీదే అనుకుని తెచ్చిన తుపాకిలో తూటా ఉండిపోతుంది. ముఖ్యంగా పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) తీసేస్తే చాలనుకుంటారు, లోపల అరలో ఒకటి మిగిలిపోయిన సంగతి మరిచిపోతారు. తనిఖీ బల్ల చుట్టూ గుమిగూడి నిలబడొద్దని అబ్బాయికి చెప్పండి.

లోపలికి వెళ్లాక మనిషిని అంచనా కట్టడానికి నాలుగు గుర్తులు చాలు. బల్ల మీది తుపాకి ముట్టే ముందు అడుగుతాడా? తీసుకున్న వెంటనే అర తెరిచి కంటితో చూసి, వేలు పెట్టి ఖాళీ అని రూఢి చేసుకుంటాడా? గొట్టం కొసను మనుషుల మీదికి తిప్పకుండా పైకో కిందికో ఉంచుతాడా? వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన, చట్రం మీద చాచి ఉందా? ఈ నాలుగూ చేసేవాడు ఎలాంటి బట్టల్లో ఉన్నా పక్కన నిలబడొచ్చు. ఒక్కటి తప్పినా, వాడు ఎంత మర్యాదస్తుడిలా కనిపించినా, అక్కణ్ణుంచి కదిలిపోవాలి. ఖాళీ తుపాకి ట్రిగ్గర్ నొక్కి చూడాలన్నా అమ్మేవాడి అనుమతి కావాలి. కొన్ని తుపాకుల్లో అలా ఉత్తినే నొక్కితే తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ను దెబ్బతింటుంది.

ఇక అమ్మకం సంగతి. లైసెన్సున్న డీలరు సంతలో అమ్మినా దుకాణంలో అమ్మినా నియమం ఒకటే. కొనేవాడు 4473 నంబరు ఫారం నింపాలి, డీలరు నేర చరిత్ర తనిఖీకి పంపాలి. ఈ తనిఖీ వ్యవస్థ 1998 నవంబరు నుంచి నడుస్తోంది. వ్యాపారం కాకుండా సొంత తుపాకి ఒకటి అమ్ముకునే వ్యక్తికి ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, ఈ తనిఖీ విధించలేదు. కొన్ని రాష్ట్రాలు విధించాయి, టెక్సస్ విధించలేదు. అయితే వేరే రాష్ట్రంలో ఉండేవాడికి డీలరు ద్వారా తప్ప నేరుగా అమ్మకూడదు. కొనే అర్హత లేనివాడని తెలిసో, అనుమానించడానికి తగిన కారణం ఉండో అమ్మితే అదీ నేరమే. అందుకే బాధ్యత గల వ్యక్తి డ్రైవింగ్ లైసెన్సు చూపించమంటాడు, అమ్మకం కాగితం రాసుకుంటాడు. అలా అడిగితే మనవాళ్లు కొందరు “మన రంగు చూసి అడుగుతున్నాడు” అని నొచ్చుకుంటారు. పక్కవాణ్ణీ అడుగుతున్నాడా అని చూడాలి. అందర్నీ అడిగితే అతనే నమ్మదగినవాడు. ఒక్క మనవాణ్ణే అడిగితే అక్కడ కొనక్కర్లేదు.

నిజంగా అనుమానించాల్సిన దృశ్యం ఒకటుంది. ఒకడు తుపాకి ఎంచుతాడు, బేరం ఆడతాడు, డబ్బు తీస్తాడు, ఫారం మాత్రం పక్కనున్న ఆడమనిషో కుర్రాడో నింపుతారు. ఒకరి కోసం ఇంకొకరు తామే కొంటున్నామని సంతకం పెట్టడం నేరం. అసలు కొనేవాడు అర్హత లేనివాడైతే 2022 చట్టం ప్రకారం 15 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. అలాంటి బేరం జరిగే బల్ల దగ్గర మీ అబ్బాయి ఉండనే కూడదు.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్-1బి మీద ఉన్నాడు. సంతలో కాగితాలు అడగని మనిషి దగ్గర పిస్టల్ కొనుక్కోవచ్చని స్నేహితులు చెబుతున్నారట. నిజమేనా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం కింద నేరం. శిక్ష 15 ఏళ్ల వరకు. అమ్మేవాడు కాగితం అడగకపోయినంత మాత్రాన కొన్నవాడి నేరం పోదు. స్నేహితుడు తన పేరున కొనిస్తే అతనూ ఇరుక్కుంటాడు.

మనవాళ్లకు ఉపయోగపడే మినహాయింపు ఒకటుంది. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండాలి. అప్పుడు డీలరు దగ్గర 4473 ఫారంలో వీసా ప్రశ్నకు నిజం రాసి, మినహాయింపు ఉందని గుర్తుపెట్టి, ఆ లైసెన్సు చూపించాలి. చాలామంది పొరపడేది గడువు దగ్గరే. టెక్సస్ ఏడాది వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది లేకపోతే ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకి ఆ ఉదయం నుంచే చట్టవిరుద్ధం. ఫైరింగ్ రేంజిలో గంటకు అద్దెకు తీసుకుని పేల్చడం కూడా ‘దగ్గర ఉంచుకోవడం’ కిందికే వస్తుంది. ఆయుధ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదే కారణమవుతుంది కాబట్టి, లైసెన్సు ఉన్నా ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడమనండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. లైసెన్సున్న 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారల్, అంటే రెండు గొట్టాల తుపాకి, ఉంది, అమ్మేద్దామనుకుంటున్నాం. కారులో ఒకాయన వచ్చాడు. మనిషి పెద్దమనిషిలా ఉన్నాడు, సఫారీ డ్రెస్సు, మాట తీరు బాగుంది. లైసెన్సు ఫోన్‌లో ఫొటో చూపించి, డబ్బు ఇప్పుడే ఇస్తానన్నాడు. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: నమ్మడం, నమ్మకపోవడం మీకు వదిలేయలేదు చట్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, సొంతానికి ఉంచుకున్న తుపాకిని ఇంకొకరికి అమ్మాలంటే ముందు జిల్లా మెజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా చెప్పాలి. కొనేవాడి పేరు, చిరునామా అందులో ఉండాలి. చెప్పాక 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే తుపాకి చేతులు మారాలి. కాబట్టి “ఇప్పుడే ఇస్తా, ఇప్పుడే ఇవ్వండి” అన్న మాట ఒక్కటే చాలు, ఆయనకు నియమం తెలియదో, తెలిసీ తప్పించుకుంటున్నాడో అనుకోవడానికి. కొనేవాడికి ఆయుధం ఉంచుకునే అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా అప్పగించడం 29వ సెక్షన్ కింద మీ నేరమవుతుంది, ఆయన నేరం సంగతి వేరు.

ఫోన్‌లో ఫొటోను, జెరాక్సును ఒప్పుకోవద్దు. అసలు లైసెన్సు చేతికి తీసుకుని ఇవి చూడండి: ఫొటో ఎదుటి మనిషిదేనా, ఆయుధ లైసెన్సుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉందా, గడువు తేదీ, ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది, 12 బోర్ కొనడానికి అనుమతి రాసి ఉందా, కొనాల్సిన గడువు మిగిలి ఉందా. ఇప్పటికే రెండు తుపాకులు ఎక్కి ఉంటే మూడోది కుదరదు, 2019 సవరణతో పరిమితి రెండుకు తగ్గింది. తర్వాత ఆ లైసెన్సు ఇచ్చిన జిల్లా కలెక్టరేటులో ఆయుధాల సెక్షన్‌ను అడిగి నిర్ధారించుకోండి. అడ్వాన్సు తీసుకోవద్దు. “రెండు రోజులు ఉంచుకుని చూసిస్తా” అంటే ససేమిరా ఇవ్వొద్దు.

మనిషిని కూడా చూడమంటే, తుపాకిని ఎలా చూస్తాడో చూడండి. పనితనం తెలిసినవాడు తుపాకిని మధ్యలో మడత విప్పి గొట్టాలు వెలుతురుకు పట్టి లోపల చూస్తాడు. మెరిసే గోడ మీద వలయంలా నీడ కనిపిస్తే గొట్టం ఉబ్బినట్టు, నల్లటి చుక్కలు కనిపిస్తే తుప్పు తిన్న గుంటలు. సముద్రపు గాలి తగిలే మన మండలాల్లో ఈ గుంటలు మామూలే, ముఖ్యంగా వానాకాలమంతా తోలు సంచిలో ఉంచేసిన తుపాకులకు. తోలు తేమ పట్టి ఉంచుతుంది. తర్వాత గొట్టాల కింది చెక్కను ఊడదీసి, మడత మూసి, భుజానికి ఆనించే కర్ర భాగం పట్టుకుని మెల్లగా ఊపుతాడు. టకటక శబ్దం వస్తే కీలు అరిగినట్టు. గొట్టాల మీద, చట్రం మీద, కింది చెక్క ఇనుము మీద ఉన్న నంబర్లు ఒకదానితో ఒకటి, లైసెన్సులోని నంబరుతో కలుస్తున్నాయా అని చూస్తాడు. తూటా అర 65 మిల్లీమీటర్లా 70 మిల్లీమీటర్లా అని అడుగుతాడు, ఎందుకంటే పాత 65 అరలో 70 తూటా దూరినా, పేలాక విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇవేవీ చూడకుండా డబ్బు లెక్కపెట్టేవాడికి కావలసింది ఏదో ఒక తుపాకి, మీ తుపాకే కాదు. జాగ్రత్త పడాల్సింది అక్కడ.

ఇంకో దారి కూడా చెబుతాం. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఉంచుకుని 25 ఏళ్లయినా, ఏది ముందైతే అది, వారసుల్లో అర్హులు ఆ ఆయుధానికి లైసెన్సు కోరవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే అమ్మే ముందు ఆలోచించండి. ఎన్నికలొచ్చి తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటే రసీదు తీసుకుని అప్పగించి, అమ్మకం ఆ తర్వాతే పెట్టుకోండి.

ప్రశ్న: ఆయుధాల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తాను. లుంగీతో, చెప్పుల్లేకుండా వచ్చినవాళ్లకు సరుకు చూపించొద్దని ఓనరుగారి మాట. అది సరైనదేనా?
— కాకినాడ

జవాబు: సరికాదండీ. వ్యాపారానికీ నష్టమే, భద్రతకూ నష్టమే. లుంగీ మనిషిని తరిమే దుకాణం ప్యాంటు మనిషిని తక్కువగా తనిఖీ చేస్తుంది, తప్పు జరిగేది అక్కడే. వచ్చిన ప్రతివాణ్ణీ ముందు లైసెన్సు అడగండి, ఎమ్మెల్యేగారి బంధువైనా సరే. లైసెన్సు లేనివాడికి కేటలాగు చూపించి పంపండి, మర్యాదగా.

తూటాల దగ్గర లైసెన్సులో రెండు అంకెలు చూడాలి: ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని. ఈ ఏడాది కొన్నవి కూడి చూసి, మిగిలినంతే ఇచ్చి, అక్కడికక్కడే ఎక్కించాలి. తన తుపాకి బోర్ ఏదో చెప్పలేనివాడు, ఫోన్‌లో ఎవరో చెబుతుంటే అడిగేవాడు, “రాయకుండా ఇవ్వండి, ఎక్కువ ఇస్తా” అనేవాడు — వీళ్ల దగ్గర అమ్మకం ఆపేయండి. చివరివాడి విషయం పోలీసులకు చెప్పాలి. పెళ్లిలో పేల్చడానికని బాహాటంగా చెప్పేవాళ్లూ ఉంటారు. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా వేడుకల్లో కాల్చితే రెండేళ్ల వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో అని వాళ్లకు చెప్పి అమ్మకం మానుకోండి.

ప్రశ్న: చేపల చెరువు మీద వాలే పక్షుల కోసం ఎయిర్‌గన్ కొనబోతే ఆధార్ అడిగారు. నన్ను చూసి దొంగననుకున్నారా?
— ఆకివీడు

జవాబు: గుర్తింపు అడగడం తప్పు కాదు, మీ ముందు కొన్నవాళ్లనూ అడిగితే. మీ ఒక్కరినే అడిగి ఉంటే ఓనరుతో గట్టిగా మాట్లాడండి. 0.177 అంగుళాల బోర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండు అంకెలూ పెట్టె మీదో బిల్లు మీదో ఉన్నాయో లేదో చూడండి. ఏ ఒక్కటి దాటినా లైసెన్సు కావాలి.

అయితే దాంతో పక్షుల్ని కొట్టొద్దు. కొంగలు, నీటికాకులు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షణలో ఉన్నాయి. పైగా ఆ చిన్న సీసం గుండు రెండు మూడు వందల మీటర్లు పోగలదు, పక్క చెరువు గట్టు మీద మేత వేసే మనిషికి కంట్లో తగిలితే చూపు పోతుంది. చెరువు మీద గట్టు నుంచి గట్టుకు నైలాన్ దారాలు లాగండి. వరసల మధ్య ఎడం పక్షి రెక్కలు చాచినంత కంటే తక్కువ ఉండాలి. నీటికాకులకైతే అంచుల్లో వల కూడా కావాలి, అవి గట్టు మీద దిగి నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోతాయి. దారాలు వారానికోసారి బిగించాలి. వదులైతే మధ్యలో నీటి దాకా జారి, వల లాగేటప్పుడు చిక్కుపడతాయి.