గుర్రానికి ఆపరేషన్ ముందు రెండుసార్లు మత్తు ఎందుకు? ఒకేసారి ఇస్తే సరిపోదా?

నాలుగేళ్ల మార్వారీ మగ గుర్రానికి వచ్చే వారం విత్తులు తీయిస్తున్నామని, డాక్టరుగారు ముందు ఒక ఇంజెక్షన్, కాసేపాగి ఇంకొకటి అన్నారని, రెండూ ఒకేసారి ఇచ్చేస్తే త్వరగా అయిపోదా అని, ప్రమాదం ఎంతని అడిగారు. నేను పశువైద్యురాలిని, పదకొండేళ్లుగా ఎక్కువ పని గుర్రాలతోనే, అందులోనూ మత్తు ఇచ్చే బాధ్యత నాది. ఒకేసారి ఇవ్వకూడదు. ఆ రెండు ఇంజెక్షన్ల మధ్య ఉండే నాలుగైదు నిమిషాలే ఈ మొత్తం పనికి ఆయువుపట్టు అని నా నమ్మకం.

మొదటిది సాధారణంగా జైలజీన్. అది గుర్రాన్ని పడుకోబెట్టదు, నిలబడి ఉండగానే నెమ్మదింపజేస్తుంది, నొప్పి కూడా కొంత తగ్గిస్తుంది. రెండోది కెటమిన్, చాలామంది దానితో పాటు కండరాలను వదులు చేసే డయజిపామ్ గానీ మిడజోలామ్ గానీ కలిపి ఇస్తారు. గుర్రాన్ని కింద పడుకోబెట్టేది అదే. ఇప్పుడు కెటమిన్ సంగతి ఏమిటంటే, సరిగా నెమ్మదించని గుర్రానికి అది పడితే కండరాలు బిగుసుకుపోతాయి, బెదురుతుంది, పడుతూ లేస్తూ గోడలకు కొట్టుకుంటుంది. మూడున్నర క్వింటాళ్ల జంతువు అలా చేస్తుంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు ఇది నా చేతుల మీదే జరిగింది. జైలజీన్ ఇచ్చాను, తల కొంచెం వాలింది. బయట మనుషులు గుమిగూడి ఉన్నారు, యజమాని ఆలస్యమవుతోందని తొందరపెడుతున్నాడు, నేను రెండు నిమిషాలకే కెటమిన్ ఎక్కించేశాను. అంతలో ఎవరో రేకు తలుపు దబాలున వేశారు. గుర్రం వెనక్కి పడబోయి, లేచి, మళ్లీ పడి, కన్ను పైన చర్మం చీరుకుంది. గుర్రాన్ని చూసుకునే సైసు కాలు దాని కిందకు రావాల్సింది, వెంట్రుకవాసిలో తప్పింది. గుర్రం బతికింది, ఆపరేషన్ కూడా అయింది, కానీ ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు నుంచి గడియారం చూడకుండా, గుర్రాన్ని చూడకుండా రెండో సిరంజి ముట్టుకోలేదు.

ఏం చూడాలంటే, తల మోకాళ్ల దాకా వాలిపోవాలి, కింది పెదవి వేలాడాలి, చెవులు రెండు పక్కలకు జారాలి, కాళ్లు ఎడంగా పెట్టి కొంచెం ఊగుతూ నిలబడాలి, పక్కన అలికిడైనా పట్టించుకోకూడదు. నరంలోకి ఇస్తే ఈ స్థితికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, కండలోకి ఇస్తే పావుగంట దాకా. రాకపోతే కెటమిన్ వైపు వెళ్లకూడదు, నెమ్మదింపజేసే మందే ఇంకొంచెం ఇచ్చి మళ్లీ ఆగాలి. ఇంకొక మాట, అప్పటికే బెదిరి చెమటలు కక్కుతున్న గుర్రం మీద ఈ మందు సరిగా పనిచేయదు. అందుకే ఆ రోజు డప్పులు, టపాసులు, చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఎవరూ వద్దు. మీకు తెలిసిన సైసు ఒక్కడు, డాక్టరు, ఆయన సహాయకుడు చాలు. గుర్రం చెవుల్లో దూది పెట్టినా మంచిదే, తర్వాత తీయడం మర్చిపోకండి.

మోతాదు గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. మన దగ్గర చాలామంది డాక్టర్లకు చేతి అలవాటు ఆవులు, గేదెలతో. జైలజీన్ ఆవుల మీద గుర్రాల కంటే దాదాపు పదింతలు గట్టిగా పనిచేస్తుంది, అంటే ఆవు మోతాదు గుర్రానికి ఏ మూలకూ చాలదు. కెటమిన్‌కు ముందు గుర్రానికి నరంలో ఇచ్చేది కిలోకి 1.1 మిల్లీగ్రాములు, ఆ తర్వాత కెటమిన్ 2.2. పైగా జైలజీన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములది, 100 మిల్లీగ్రాములది రెండు రకాల సీసాల్లో వస్తుంది, తేడా ఐదింతలు. ఈ లెక్కలు మీరు ఇంట్లో ఇవ్వడానికి కాదు, డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికి. మీరు చేయగలిగింది బరువు సరిగ్గా చెప్పడం. టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు కొస నుంచి పిరుదు వెనక కొస దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,900తో భాగిస్తే కిలోలు వస్తాయి. 170 చుట్టుకొలత, 150 పొడవు ఉంటే సుమారు 364 కిలోలు. కంటి అంచనా కంటే ఇది చాలా నయం.

ప్రమాదం ఎంతంటే, దాచకుండా చెప్తాను. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 41,824 గుర్రాలను చూశారు. పూర్తి మత్తు ఇచ్చిన ఏడు రోజుల్లోపు చనిపోయినవి 1.9 శాతం, కడుపునొప్పి ఆపరేషన్లు పక్కన పెడితే 0.9 శాతం. మనుషులతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. గుండె ఆగిపోవడం, లేచేటప్పుడు కాలు విరగడం ముఖ్యమైన కారణాలు. మీది ఆరోగ్యంగా, మంచి వయసులో ఉన్న గుర్రం, పని పావుగంట, ఇరవై నిమిషాల్లో అయ్యేది, కాబట్టి కంగారు పడాల్సిన కేసు కాదు, కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. జైలజీన్ ఇచ్చాక గుండె నెమ్మదించి మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పడం మామూలే, స్టెతస్కోపు పెట్టిన డాక్టరు మొహం చూసి టెన్షన్ పడకండి.

ఎసిప్రోమజైన్ అనే ఇంకో మందు కూడా కొందరు ముందుగా ఇస్తారు. మంచి మందే, కానీ మగ గుర్రాల్లో అరుదుగా అంగం బయటికి జారి మళ్లీ లోపలికి పోని ఇబ్బంది వస్తుంది. అది వాడుతున్నారా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు. మెడ నరానికి ముందే క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం, పెడతారా అని కూడా అడగండి. అక్కడ నరానికి దగ్గరలోనే తలకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది, పొరపాటున మందు దాంట్లోకి పోతే గుర్రం అక్కడికక్కడే ఫిట్స్‌తో పడిపోతుంది.

పక్కన నిలబడొచ్చా అన్నారు. నిలబడండి, కానీ డాక్టరు ఏ పక్కనుంటే ఆ పక్కే, భుజం దగ్గర. ముందు వద్దు, వెనక అసలే వద్దు. తల వేలాడేసి నిద్రపోతున్నట్టున్న గుర్రం కూడా కాలు విసురుతుంది, గురి కూడా తప్పదు. నిద్రలో ఉంది కదా అని తోక దగ్గరికి వెళ్లి దెబ్బ తిన్నవాళ్లను నేను చూశాను.

మేత ఎప్పుడు ఆపాలో మీ డాక్టరు చెప్తారు, సాధారణంగా ముందు రాత్రి నుంచి ఆపుతారు, నీళ్లు మాత్రం ఉంచుతారు. లేచేటప్పుడు తొందరపెట్టి లేపకండి, అదిలించకండి. అది ముందు బోర్లా కూర్చుని, కాసేపు అలాగే ఉండి, తనకు తోచినప్పుడు లేస్తేనే క్షేమం. లేచాక కూడా మత్తు పూర్తిగా దిగేదాకా గడ్డి పెట్టొద్దు, మింగలేక గొంతులో అడ్డం పడుతుంది. ఈ మందులు పేగుల కదలికను కూడా తగ్గిస్తాయి, కాబట్టి మొదటి లద్దె వేసేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండండి. పొద్దున చేస్తే రాత్రికి కూడా లద్దె వేయకపోయినా, కడుపు వైపు తిరిగి చూసుకుంటున్నా, పడుకుని పొర్లుతున్నా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.