క్లైమేట్ మోడళ్లలో ఎంజేఓ, కెల్విన్ తరంగాలు ఎందుకు సరిగా రావు?

మీరు అడిగింది ఇదీ: మోడల్లో సగటు వాన పటం బాగానే ఉంటుంది కదా, మరి భూమధ్యరేఖ వెంట కదిలే తరంగాలు, అంటే ఎంజేఓ (మాడెన్-జూలియన్ ఆసిలేషన్, వారాల తరబడి నెమ్మదిగా తూర్పుకి జరిగే పెద్ద వానమబ్బుల గుంపు), అంతకంటే వేగంగా తూర్పుకే పోయే కెల్విన్ తరంగాలు ఎందుకు కనపడవు, మోడల్ భూమిని విడగొట్టే గడి సైజు తగ్గిస్తే సరిపోదా? బెజవాడలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు అన్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను. గుంటూరులో ఉంటూ కొన్నేళ్లు ఈ మోడళ్ల లెక్కలతోనే కుస్తీ పట్టినవాణ్ణి.

గడి సైజు సగం కారణమే. అసలు పేచీ కన్వెక్షన్ (వేడి, తేమ గాలి పైకి లేచి మేఘాలవడం) స్కీమ్‌తో. వంద కిలోమీటర్ల గడి అంటే గుంటూరు, తెనాలి, బెజవాడ, నరసరావుపేట అన్నీ ఒకే పెట్టెలో పడతాయి. మండువేసవిలో అరండల్‌పేటలో కుండపోతగా కురుస్తుంటే అమరావతి రోడ్డులో దుమ్ము లేస్తూ ఉంటుంది. మోడల్‌కి మాత్రం అందరికీ కలిపి ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ. లోపల ఎన్ని క్యుములోనింబస్ (ఉరుముల వాన తెచ్చే నిలువెత్తు) మేఘాలు లేచాయో అంచనా కట్టేది స్కీమ్. 1974 నాటి అరకావా-షూబర్ట్, 1989 నాటి టీట్కే, 1995 నాటి ఝాంగ్-మెక్‌ఫార్లేన్, ఇవన్నీ ఆ అంచనా కట్టే పద్ధతులే.

స్కీమ్ తీరు చూడాలంటే మన గడిలో మే నెల వాన గంటగంటకీ గీసి చూడండి. మనకి తెలిసిందేమిటి? పొద్దున్నించి మాడ్చేస్తుంది, మూడు దాటాక పడమట కారుమబ్బు, తర్వాత గాలిదుమారం, కరెంటు పోవడం, అప్పుడు వాన. నేను గీసిన గ్రాఫులో మాత్రం భోజనాల వేళకే చినుకులు మొదలై, సాయంత్రానికి అంతా తెరిపి! పొయ్యి మీద పెట్టీ పెట్టగానే పాలు పొంగిపోయినట్టు. ఇది ఒక్క మోడల్ జబ్బు కాదు, చాలావాటికి ఉన్నదే.

ఈ తొందరే తరంగాలను చంపుతుంది. నిజమైన వాతావరణంలో లేచే మేఘం చుట్టూ ఉన్న పొడిగాలిని లోపలికి లాక్కుని నీరసపడుతుంది. అందుకే మధ్య పొరల్లో రోజుల తరబడి తేమ పేరుకున్నాకే పెద్ద మేఘాలు నిలబడతాయి. ఎంజేఓ బతికేది ఆ పేరుకున్న తేమ మీదే. స్కీమ్‌లో మేఘం పొడిగాలిని లెక్కచేయకపోతే రోజూ కాస్త కాస్త చినుకు రాల్చేసి ఖజానా ఖాళీ చేస్తుంది, ఇంక కూడబెట్టడానికి ఏముంటుంది?

ఆ పొడిగాలి కలిసే మోతాదు పెంచి నడిపి చూశాను. అడ్డంగా రేఖాంశం, నిలువుగా రోజులు వేసి హోవ్‌మొల్లర్ పటం గీస్తే, మొదట ఉన్నచోటే ఉన్న మచ్చలు ఈసారి ఏటవాలు చారలయ్యాయి. హిందూ మహాసముద్రం నుంచి తూర్పుకి, సెకనుకి 5 మీటర్లకు కాస్త అటూ ఇటూగా. సంబరం ఎంతోసేపు నిలవలేదు. సగటు వాన పటం తీస్తే అది మునుపటి కంటే అధ్వాన్నం. ఒకటి దిద్దితే ఇంకోటి చెడటం ఈ రంగంలో అందరికీ అనుభవమే. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను తరంగాలనే ఎంచుకుంటాను. సగటు బాగుండి కదలిక లేని మోడల్ నాకు నమ్మబుద్ధి కాదు.

కెల్విన్ తరంగాల లెక్క వేరు. వాటిని 1966లో జపాన్ శాస్త్రవేత్త మత్సునో సమీకరణాల్లోనే పట్టుకున్నాడు. ఉపగ్రహ కొలతల్లోంచి వాటిని స్పష్టంగా విడదీసి చూపింది 1999లో వీలర్, కిలాడిస్. వానతో జతపడిన కెల్విన్ తరంగం సెకనుకి సుమారు 15 మీటర్లు పోతుంది. జతపడనిది ఇంకా చాలా వేగం. మీ మోడల్లో అది మరీ పరుగెడుతుంటే వానకీ గాలికీ లంకె కుదరలేదని అనుమానించండి. ఎంజేఓ మాత్రం మత్సునో సమీకరణాలిచ్చిన తరంగాల జాబితాలో లేనేలేదు. 1971లో మాడెన్, జూలియన్ పసిఫిక్‌లోని కాంటన్ ద్వీపం గాలుల రికార్డులు తిరగేస్తుంటే బయటపడింది.

ఇక గడి తగ్గించడం. జపాన్ వాళ్లు నికామ్ మోడల్‌ని 7, 3.5 కిలోమీటర్ల గడులతో, కన్వెక్షన్ స్కీమ్ లేకుండానే నడిపి 2006 డిసెంబరు నాటి ఎంజేఓని రప్పించారు. మన పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మేలో 6 కిలోమీటర్లతో వచ్చింది, కానీ అది రోజువారీ సూచనలకు. గడి వెడల్పు సగం చేస్తే లెక్కల భారం సుమారు ఎనిమిది రెట్లు. వందేళ్ల క్లైమేట్‌ని అలా నడపడం ఇప్పటికీ తలకి మించిన పనే.

దీనివల్ల రైతుకేం ఒరిగేది అంటారా? మా బాబాయి మిరప నాట్లకి ముందు "వానలు మళ్లీ ఎప్పుడు పుంజుకుంటాయిరా?" అని అడుగుతాడు. గురువారం గురువారం భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఇచ్చే నాలుగు వారాల సూచనకు ఉన్న పెద్ద ఆధారాల్లో ఇలా నెమ్మదిగా కదిలే తేమ ఒకటి.

మీకు ఒక్క సెమిస్టరే ఉందన్నారు. స్కీమ్ కోడ్ జోలికి పోవద్దు. అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల ఓఎల్ఆర్ (భూమి నుంచి అంతరిక్షంలోకి పోయే వేడి, పెద్ద మేఘాలున్నచోట తగ్గుతుంది) డేటా ఉచితం, 2.5 డిగ్రీలదే కాబట్టి మామూలు ల్యాప్‌టాప్‌ మీదే తెరుచుకుంటుంది. దాంతో పాటు రెండు మూడు సీమిప్6 (ప్రపంచ క్లైమేట్ మోడళ్లను పోల్చే ప్రాజెక్టు) మోడళ్ల ఓఎల్ఆర్ దించుకోండి. ముందు హోవ్‌మొల్లర్, తర్వాత వీలర్-కిలాడిస్ స్పెక్ట్రమ్ (ఏ పొడవు, ఏ వేగం ఉన్న తరంగాలు ఎంత బలంగా ఉన్నాయో చూపే పటం). మీ గైడ్ సగటు పటంతో మొదలుపెట్టమంటే పెట్టండి, కానీ అక్కడే ఆగొద్దు.