ఈగ పిండంలో ఒక జన్యువు చెడితే ఒకటి విడిచి ఒకటి ఖండాలు ఎందుకు పోతాయి?

ఖండాలంటే ఈగ ఒంట్లో వరసగా ఉండే భాగాలు. ఒక జన్యువు చెడితే ఒక్క ఖండమే పోవాలి కదా అని మీ అనుమానం. ఖండానికో జన్యువు అని లెక్క లేదండీ, అక్కడే అందరూ తికమకపడతారు.

నేను అమలాపురం దగ్గర డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. మగ్గిన చక్కెరకేళి గెల మీద మూగే చిన్న ఈగలు, అదే డ్రోసోఫిలా, సీసాలో పట్టుకొచ్చి ఖండాలు తగ్గిన ఈగని చూపించమంటారు. దొరకదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ జన్యువు చెడ్డ కాపీలు రెండూ వచ్చిన పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది, ఒక్కటే ఉన్న తల్లిదండ్రులు మామూలుగా ఎగురుతుంటాయి. అందుకే పొదగని గుడ్లే చూడాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను చేసింది అదే: బ్లీచ్‌తో పెంకు తీసి, పిండం చర్మాన్ని స్లైడ్ మీద పెట్టి చూస్తే పొట్ట వైపు ఖండానికో ముళ్ల పట్టీ కనిపిస్తుంది, ఛాతీకి 3, ఉదరానికి 8. ఫుషీ తరాజు జన్యువు చెడిన పిండంలో అవి సగమే ఉంటాయి, ఉన్నవి మాత్రం శుభ్రంగా ఉంటాయి.

ఈ జన్యువులు అంచెలుగా పనిచేస్తాయి. ధవళేశ్వరం దగ్గర కాలువ కట్టేస్తే ఊళ్లకి ఊళ్లే ఎండుతాయి, పంట బోదె పూడితే ఆ చేనే ఎండుతుంది, ఇదీ అంతే. తల్లిలో బైకాయిడ్ అనే జన్యువు లేకపోతే పిండానికి తలా ఛాతీ రెండూ రావు. దాని కింది అంచెలోని క్రుప్పెల్ జన్యువు పోతే ఛాతీ, ఉదరం ముందు భాగం ఒకే ముక్కగా పోతాయి. చివరి అంచెలోని హెడ్జ్‌హాగ్ జన్యువు చెడితే ప్రతి ఖండంలోనూ నున్నగా ఉండాల్సిన చోటు పోయి పొట్టంతా ముళ్లే.

ఒకటి విడిచి ఒకటి పోవడం మాత్రం ఈ కాలువ లెక్కకి అందదు. మధ్య అంచెలోని ఫుషీ తరాజు లాంటి జన్యువులు పిండం పొడవునా 7 చారలుగా పనిచేస్తాయి, చారకీ చారకీ మధ్య ఒక ఖండమంత ఖాళీ. చారలున్న చోటే నష్టం. కచ్చితంగా చెప్పాలంటే పోయేది ఒక ఖండం వెనక భాగం, పక్కదాని ముందు భాగం కలిపి. ఆ చారల హద్దుల్ని గీసేది పై అంచె జన్యువులే, కాబట్టి క్రుప్పెల్ చెడితే కింద చారలూ చెదురుతాయి. న్యూస్లీన్ ఫోల్‌హార్డ్, వీషాస్ అనే శాస్త్రవేత్తలు 1980లో ఈ అంచెల్ని బయటపెట్టారు, 1995లో నోబెల్ వచ్చింది.

అన్ని పురుగులకీ ఇదే అనుకోకండి. ఎర్ర పిండిపురుగు పిండం పెరిగేకొద్దీ వెనక ఖండాలు ఒక్కొక్కటే చేరతాయి, అందుకే దానిలో ఫుషీ తరాజు లాంటిదే అయిన ఈవెన్ స్కిప్డ్ జన్యువుని బాగా అణచేస్తే ఒకటి విడిచి ఒకటి కాదు, వెనక భాగం మొత్తం రాకుండా పోతుంది.