ఆరెంజ్ ఇంకు పెన్నులో మట్టిరంగుగా వస్తోంటే

ఫౌంటెన్ పెన్నులో ముందు వాడిన నీలం ఇంకు ఫీడ్‌లో (నిబ్ కింద ఉండి దానికి ఇంకు అందించే భాగం) ఇంకా మిగిలిపోయి ఉంటుంది. సీసాలో నిప్పులా మెరిసే మీ ఆరెంజ్ పెన్నులోంచి మట్టిరంగుగా రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఈ రెండూ కలిస్తే గోధుమ రంగే. ఇంకు మీద అనుమానం ఉంటే టూత్‌పిక్ ముంచి తెల్ల కాగితం మీద ఒక గీత గీయండి, తేలిపోతుంది.

1. కన్వర్టర్ (పెన్ను లోపల ఇంకు నింపుకునే చిన్న గొట్టం) తీసి నిబ్ భాగంలోంచి మామూలు నీళ్లు పంపండి. వేడినీళ్లు వద్దు.

2. నీళ్లు తేటగా రాగానే చాలామంది ఆపేస్తారు. ఆపకండి! ఫీడ్‌ సన్నటి సందుల్లో పాత ఇంకు పట్టుకుని ఉంటుంది. నిబ్ భాగాన్ని రాత్రంతా నీళ్లలో నాననివ్వండి. పొద్దున తీసి, నిబ్ కిందికి ఉండేలా టిష్యూలో చుట్టి నిలబెట్టండి. టిష్యూ మీద నీలి మరక కనిపిస్తే మళ్లీ నానబెట్టాల్సిందే. మరక తగ్గిందా అని కాదు, అసలు రావడం మానిందా అని చూడండి.

3. మొండికేస్తే నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, తర్వాత శుభ్రంగా కడగండి.

4. పూర్తిగా ఆరాకే నింపండి. తడి మిగిలితే ఆరెంజ్ పలచబడుతుంది.

ఇప్పుడు పెన్నులో ఉన్న ఇంకును మాత్రం తిరిగి సీసాలో పోయకండి, పారబోయండి.