అమ్మాయి గ్యాలరీలో గడుపుతున్న సాయంత్రాలు ఉద్యోగమవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఏ తెలుగు రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా విశ్వవిద్యాలయ ఆర్ట్ గ్యాలరీలో వాలంటీరుగా పనిచేస్తోంది. ప్రదర్శన ఉందంటే రాత్రి తొమ్మిదైనా అక్కడే ఉంటుంది. కాలేజీ అధ్యాపక ఉద్యోగాలకు అర్హతనిచ్చే నెట్ పరీక్షకు చదవమంటే, ప్రదర్శనలు ఏర్పాటు చేయడమే తన వృత్తి అంటోంది. తనకు బొమ్మలు వేయడం కూడా రాదు. సరదాకూ బతుకుతెరువుకూ తేడా తెలియక అంటోందేమోనని నా భయం. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

సమాధానం: నమస్కారమండీ. ముందు చిన్న విషయం తేల్చేద్దాం. బొమ్మలు వేయడం రాకపోవడం ఈ రంగంలో లోటు కాదు. చిత్రకారులు వేసినదాన్ని ఎంచి, తెచ్చి, కాపాడి, నలుగురికీ అర్థమయ్యేలా చూపించడం వేరే పని. దానికి వేరే చదువులున్నాయి, వేరే ఉద్యోగాలున్నాయి.

ఇక సరదానా, వృత్తా అన్నది అసలు ప్రశ్న. మీరు ఎప్పుడైనా ఆ గ్యాలరీకి వెళ్లి ఉంటే ప్రారంభోత్సవం నాడే వెళ్లి ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, తేనీరు, ఫొటోలు. ఆ రోజును చూసి ఈ పనిని అంచనా వేయకండి. దానికి ముందు వారం చూడండి.

మరో సంస్థ నుంచి అరువు తెచ్చిన చిత్రం చెక్కపెట్టెలో వస్తుంది. రాగానే తెరవరు. బయటి వేడికీ గది చల్లదనానికీ చిత్రం నిదానంగా అలవాటు పడాలని సుమారు ఒక రోజు పెట్టెను అలాగే ఉంచుతారు. తరువాత ఇద్దరు కలిసి తెరుస్తారు. టార్చిలైటు వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుంటే, మామూలుగా కంటికి ఆనని పగుళ్లు, లేచిన పెచ్చులు, కాన్వాసు మీది సొట్టలు బయటపడతాయి. ఏ మూలన ఎంత పొడవు గీత ఉందో కొలిచి, ఫొటో తీసి, కండిషన్ రిపోర్టులో రాసి, ఇద్దరూ సంతకం పెడతారు. ప్రదర్శన ముగిశాక అదే కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ చూస్తారు. కొత్త గీత కనబడితే బీమా సంస్థ మొదట అడిగేది ఆ కాగితమే. ఆ బీమాను ‘నెయిల్ టు నెయిల్’ అంటారు. యజమాని గోడ మీది మేకు నుంచి తీసిన క్షణం మొదలు, తిరిగి ఆ మేకుకు తగిలించేదాకా చిత్రానికి రక్షణ ఉంటుందన్నమాట.

ఆ తరువాత గోడ. చిత్రం మధ్యభాగం నేలకు దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున వచ్చేలా లెక్కగట్టి, రసమట్టం పెట్టి చూసి తగిలిస్తారు. కాగితం మీది నీటిరంగుల బొమ్మలైతే వెలుగు 50 లక్సు (వెలుగును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు, ఎందుకంటే వెలిసిన రంగు మళ్లీ రాదు. తైలవర్ణ చిత్రాలైతే 200 దాకా ఫరవాలేదు. మీ అమ్మాయి రాత్రి తొమ్మిది దాకా ఉండేది ఇలాంటి పనులకే. వృత్తిలోకి వెళ్లాక కూడా ప్రారంభోత్సవానికి ముందు రోజుల్లో ఆలస్యం తప్పదు. ఇది ఇప్పుడే తెలుసుకోవడం మీ ఇద్దరికీ మంచిది.

కాబట్టి తనను ‘ఎందుకమ్మా ఇది’ అని అడగకండి. ‘ఇందులో ఏ పని నీకు ఇష్టం’ అని అడగండి. చిత్రాలను ఎంచి వాటి మధ్య ఒక ఆలోచనను నడపడం ఇష్టమైతే అది క్యూరేటర్ దారి, దానికి కళాచరిత్ర చదవాలి. రాకపోకలు, ఒప్పందాలు, బీమా, జాబితాలు చక్కబెట్టడంలో నేర్పు ఉంటే మ్యూజియాలజీ, అంటే మ్యూజియం నిర్వహణ శాస్త్రం. దెబ్బతిన్న చిత్రాన్ని నిలబెట్టడం మీద మనసుంటే కన్జర్వేషన్, కానీ అందులో రసాయనశాస్త్రం బాగా అవసరం. తెలుగు ఎంఏ నుంచి అటు వెళ్లడం కష్టమని నా అభిప్రాయం.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద కళాచరిత్ర, దృశ్య అధ్యయనాల పీజీ ఉంది. బరోడాలోని ఎంఎస్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర, మ్యూజియాలజీ రెండూ ఉన్నాయి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్, అంటే ఇదివరకటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్, కళాచరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీ మూడూ చెబుతుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయాన్ని నేను ప్రత్యేకంగా చెబుతాను. 1920లో మొదలై 1950లో విశ్వవిద్యాలయం ఆవరణలోకి వచ్చిన భారత్ కళా భవన్ అక్కడుంది. తరగతిలో విన్నది కొన్ని అడుగులు నడిస్తే గోడ మీద కనబడుతుంది. కళాచరిత్ర, మ్యూజియాలజీ కోర్సుల్లో చాలావాటికి చిత్రకళలో డిగ్రీ అక్కర్లేదు. అర్హతలు మాత్రం ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి.

ఇప్పుడు ఎంఏ తెలుగు సంగతి. నా లెక్కలో మీ అమ్మాయి చేతిలో ఉన్న పెద్ద బలం అదే. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ప్రదర్శనల్లో చిత్రం పక్కన వివరణ ఇంగ్లిషులోనే ఉంటుంది. మన ఊరి మనిషి లోపలికి వచ్చి, బొమ్మను చూసి, పక్కనున్న అక్షరాలు తనకోసం కావని వెళ్లిపోతాడు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. నూరు మాటల్లో, పాండిత్యం చూపకుండా, తప్పు లేకుండా చిత్రం గురించి తెలుగులో రాయగలవాళ్లు చాలా తక్కువ.

అంతకన్నా లోతైన సంబంధం కూడా ఉంది. తెలంగాణలోని చేర్యాల నకాషీ పటాలనే, అంటే కథను వరుస బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డచుట్టలనే తీసుకోండి. అవి గోడకు వేలాడదీయడానికి పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు కథ నడుస్తుంటే పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చూపించేవారు. కథ లేకుండా పటాన్ని అద్దం వెనక పెడితే సగమే చూపించినట్టు. కథకుణ్ని పిలిపించి, గ్యాలరీలో పటం విప్పించి, ఆ పాటను రికార్డు చేసి, పాఠాన్ని పరిష్కరించి చిన్న పుస్తకంగా వేస్తే, అది ప్రదర్శనా అవుతుంది, సాంస్కృతిక కార్యక్రమమూ అవుతుంది, పరిశోధనా అవుతుంది. జానపద సాహిత్యం చదివిన అమ్మాయి ఇలాంటి ప్రదర్శనను చిత్రకళ మాత్రమే చదివినవారి కంటే బాగా చేయగలదు. విశ్వవిద్యాలయ గ్యాలరీ ఇందుకు సరైన చోటు. ప్రైవేటు గ్యాలరీ బొమ్మ అమ్ముడుపోతుందా అని చూడాలి. ఇక్కడ ఆ ఒత్తిడి తక్కువ.

అందుకే నెట్ వదలొద్దని నేనూ అంటాను, కారణం మాత్రం వేరు. తెలుగులో జేఆర్‌ఎఫ్, అంటే నెట్‌లో బాగా రాసినవారికి ఇచ్చే పరిశోధన వేతనం వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు అందుతాయి, పటం కథల మీద పీహెచ్‌డీ చేయవచ్చు. అది గ్యాలరీని వదలడం కాదు, తనకంటూ ఒక విషయం సంపాదించుకుని అక్కడికే రావడం. పైగా తరువాత మ్యూజియాలజీలో పీజీ చేస్తే, నెట్‌లో ‘మ్యూజియాలజీ, కన్జర్వేషన్’ కూడా ఒక సబ్జెక్టే.

జీతం సంగతి దాచను. మొదటి కొన్నేళ్లు తక్కువే. ప్రైవేటు గ్యాలరీల్లో, మ్యూజియాల్లో ఎక్కువగా కాంట్రాక్టు మీద, ఒక్కో ప్రాజెక్టుకు ఇంత అని ఇస్తారు. ప్రభుత్వ మ్యూజియాల్లో అసిస్టెంట్ క్యూరేటర్ వంటి పోస్టులు భద్రమైనవే, కానీ అవి కొన్నే, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఇంటికి వెంటనే తన సంపాదన అవసరమైతే, ముందు జూనియర్ లెక్చరర్ పోస్టు సంపాదించి ఈ పనిని పక్కన కొనసాగించమని చెబుతాను. ఆ అవసరం లేకపోతే మూడు నాలుగేళ్లు సమయం ఇవ్వండి.

ఈ ఏడాది తను చేయాల్సింది ఒకటుంది. వాలంటీరుగా పది ప్రదర్శనల్లో తలో చేయి వేయడం కాదు, ఒక్క చిన్న ప్రదర్శనను ప్రతిపాదన నుంచి చివరి చిత్రం వెనక్కి పంపేదాకా తన బాధ్యత మీద నడపాలి. పది పన్నెండు చిత్రాలు చాలు. ప్రతిపాదన, ఖర్చుల లెక్క, గోడల ప్లాను, కండిషన్ రిపోర్టులు, తెలుగులో రాసిన వివరణలు, ఫొటోలు ఒక ఫైలులో పెట్టాలి. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా ముందు ఆ ఫైలే మాట్లాడుతుంది. కొచ్చి బియెనాలే అనే పెద్ద కళాప్రదర్శనతో పాటు 2014 నుంచి జరుగుతున్న స్టూడెంట్స్ బియెనాలే లాంటి చోట్లకు దరఖాస్తు చేయడానికీ పనికొస్తుంది.

మీకూ ఒక పని చెబుతాను. మీ ఊళ్లోనే దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది. 1897లో పుట్టి, 1925లో, 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయిన మనిషి ఆయన. మిత్రులు, శిష్యులు ఆ చిత్రాలను చెదిరిపోకుండా చూశారు కాబట్టే ఈరోజుకీ మనం చూడగలుగుతున్నాం. ఈసారి అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లండి. మీరు బొమ్మలు చూడండి, తనను గోడలు, వెలుగు, తేమ, వివరణలు చూసి ఏం మార్చాలో చెప్పమనండి. ఒక గంటసేపు ఆగకుండా, కారణాలతో చెప్పగలిగితే తనది సరదా కాదు. సెంట్రల్ విశ్వవిద్యాలయాల పీజీకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలో మొదలవుతాయి. ఆలోపు ఈ మాట తేల్చుకుంటే నెట్‌కూ, దానికీ రెండింటికీ సమయం సరిపోతుంది.