ఈజీఎఫ్ఆర్ యాంటీబాడీ: గొట్టం మీద రాసిన పేరు చాలదు

“క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ చూడటానికి ఏ యాంటీబాడీ కొనమంటారు?” అని ఒకరు అడిగారు. ఈజీఎఫ్ఆర్ అంటే కణం పైన ఉండి, పెరగమనే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, అంటే ఒక గ్రాహకం. యాంటీబాడీ అంటే ఫలానా ప్రోటీన్‌కే అతుక్కుని దాన్ని చూపించాల్సిన మరో ప్రోటీన్. ఏది కొన్నా, వాడే ముందు పరీక్షించండి. ఆ పని చేయక నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

అప్పట్లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ గ్రాహకం ఏ మేరకు ఉందో చూసేవాణ్ణి. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, ఒక పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేసిన ప్రతిసారీ 55 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలమానం) దగ్గర నల్లటి బ్యాండ్ ఒకటి ముచ్చటగా వచ్చేది. ఈజీఎఫ్ఆర్ కనిపించవలసింది 170 దగ్గర. అయినా అది తెగిపోయిన ముక్క అయి ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చివరికి ఎస్ఐఆర్ఎన్ఏతో (ఒక జన్యువు నుంచి ప్రోటీన్ తయారవకుండా ఆపే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలతో) ఈజీఎఫ్ఆర్ జన్యువును అణచి, చీకటి గదిలో ఎర్ర దీపం కింద తడి ఫిల్మ్‌ను ఎత్తి పట్టుకుంటే, ఆ బ్యాండ్ ఇసుమంతైనా తగ్గలేదు. ఈ గ్రాహకం విపరీతంగా ఉండే ఏ431 అనే క్యాన్సర్ కణాల్లో కూడా ఆ యాంటీబాడీ 170 దగ్గర ఏమీ చూపలేదు. ఏడు నెలలూ నేను కొలిచింది వేరే ప్రోటీన్‌ను.

పరిశోధన పత్రాల్లో బ్లాట్‌ను సన్నటి పట్టీగా కత్తిరించి అచ్చువేయడం నాకు అస్సలు నచ్చదు. పూర్తి బొమ్మ వేసి ఉంటే నాలాంటి వాళ్లు ముందే జాగ్రత్తపడేవారు. ప్రయోగశాలల్లో వృథా అయ్యే కాలంలో సగానికి సగం ఇలాంటి యాంటీబాడీల వల్లనేనని నా గట్టి నమ్మకం.

ఇది ప్రయోగశాలతో ఆగే విషయం కాదు. ఈజీఎఫ్ఆర్‌కు తోబుట్టువు లాంటి హెర్2 రొమ్ము కణితిలో ఎంత ఉందో యాంటీబాడీ రంగును బట్టే 0 నుంచి 3+ వరకు లెక్కిస్తారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు, అది కూడా ఒక యాంటీబాడీయే, రోగికి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ రంగు మీద ఆధారపడుతుంది.

కాబట్టి మొదటి జెల్‌లోనే ఏ431 పక్కన, ఈజీఎఫ్ఆర్ చాలా తక్కువగా ఉండే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలను పెట్టండి. మొదటి దాంట్లో 170 దగ్గర బ్యాండ్ దట్టంగా వచ్చి, రెండో దాంట్లో దాదాపు మాయమైతేనే ముందుకు సాగండి. ఫాస్ఫో ఈజీఎఫ్ఆర్ (ఫాస్ఫేట్ చేరిన ఈజీఎఫ్ఆర్) యాంటీబాడీ అయితే పాలపొడికి బదులు బీఎస్ఏతో (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌తో) బ్లాక్ చేయండి, అంటే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా పొరను ముందే కప్పండి. పాలలోని కేసీన్‌కు కూడా ఫాస్ఫేట్లు ఉంటాయి, దానివల్ల పొర అంతా నల్లబడవచ్చు.